కాలువ గట్టు నుంచి కొరింథు కాలువ దాకా

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నెల కిందట మన కార్యదర్శి ఫోన్ చేసి, "నువ్వు మధ్యధరా సముద్రంలో పడవేసుకుని తిరిగావటగా! దాని గురించి ఓ పావుగంట మాట్లాడు, పిల్లలకి సరదాగా ఉంటుంది" అన్నాడు. ముందు ఒక దిద్దుబాటు చెయ్యాలి. పడవ నాది కాదు. జర్మనీలో నాతోపాటు పనిచేసే ఒకాయనది. నేను పంపులు తయారుచేసే చోట ఇంజనీర్ని. ఆయన నా పక్క బల్ల. జీతమంతా పెట్టి పాత తెరచాప పడవ ఒకటి కొనుక్కుని, దాన్ని గ్రీసులో ఉంచుకుని, ప్రతి సెలవుకీ అక్కడికి పోతుంటాడు. వాళ్లు దాన్ని యాట్ అంటారు. యాట్ అనగానే మనకు సినిమాల్లో కోటీశ్వరుల తెల్లటి ఓడ గుర్తొస్తుంది కదా. ఇది అలాంటిది కాదు. పొడవు 38 అడుగులు. లోపల పడుకునే గదులు రెండు. స్నానాల గది అని ఒకటుంది గానీ అందులో నిలబడి సబ్బు తీసుకుంటే మోచెయ్యి తలుపుకి కొట్టుకుంటుంది. 2018 సెప్టెంబరులో ఆయనా, వాళ్లావిడా, నేనూ, మా ఆవిడా పదహారు రోజులు అందులో కాపురం చేశాం.

బయల్దేరింది గ్రీసుకి పడమటనున్న లెఫ్కాడా అనే దీవి నుంచి. మొదటి రాత్రి భోజనాల దగ్గర ఆయన మామూలుగానే అడిగాడు, "మీ వైపు వాళ్లు సముద్రంలో తెరచాప పడవలు నడుపుతారా?" అని. నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ఎందుకంటే ఆ ఏడాది మే 21నే మన నౌకాదళం అమ్మాయిలు ఆరుగురు తారిణి అనే పడవలో ప్రపంచాన్ని చుట్టి గోవాకి తిరిగొచ్చారు. 2017 సెప్టెంబరు 10న బయల్దేరి, 254 రోజుల్లో సుమారు 21,600 నాటికల్ మైళ్లు తిరిగారు. ఆ పడవ పొడవు 55 అడుగులు, అంటే మేమున్న దానికి ఒకటిన్నర రెట్లు కూడా కాదు. దాంతో దక్షిణ అమెరికా కొసన కేప్ హార్న్ దాటారు. నావికులు ఆ పేరు వింటేనే గొంతు తగ్గించి మాట్లాడతారు. ఆ ఆరుగురిలో ఇద్దరు తెలుగువాళ్లు: విశాఖపట్నం అమ్మాయి పి. స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బి. ఐశ్వర్య. నేను ఫోన్లో ఫొటో తీసి చూపించాను. ఆయన చాలాసేపు చూసి, "మరి నువ్వు?" అన్నాడు. నేను నవ్వేసి ఊరుకున్నాను. ఆ ప్రశ్నకి నాలుగు రోజుల తర్వాత గానీ జవాబు చెప్పలేదు.

ముందు యాత్ర సంగతి చెప్తాను. పిల్లలు చూస్తున్నారు.

మొదటి రోజంతా నాకు వాంతులే. మా ఆవిడకి ఏమీ కాలేదు. ఆవిడ చిన్నప్పుడు మన ఊళ్లో నాలుగేళ్లు నాట్యం నేర్చుకుంది. తరంగానికి పళ్లెం అంచుల మీద నిలబడే వాళ్లు మోకాళ్లు కొంచెం వంచి, బరువు నడుం కింద పెట్టుకుంటారు చూడండి, అదే పద్ధతిలో డెక్కు మీద నిలబడి టీ తాగింది. తరంగం అంటే అల కదా, పేరు ఊరికే పెట్టలేదు అని తనే నన్ను ఎగతాళి చేసింది. వంటింట్లో స్టవ్ ఉయ్యాలలా వేలాడుతూ ఉంటుంది. పడవ ఎటు ఒరిగినా అది మాత్రం మట్టంగా ఉంటుంది. దాని మీద పులిహోర చేసింది. జర్మన్ దంపతులు మూడుసార్లు వడ్డించుకున్నారు. గోంగూర దగ్గర మాత్రం ఆగిపోయారు.

మంచినీళ్లు పొదుపు. గిన్నెలు సముద్రపు నీళ్లతో తోమి, చివర్లో ఒక్క చెంబు మంచినీళ్లతో తొలవాలి. గంటకి ఐదారు నాట్ల వేగం, అంటే పది పదకొండు కిలోమీటర్లు. మనం బడికి సైకిల్ తొక్కిన వేగం. ఆ వేగంతో చూస్తే ఒక దీవి పొద్దున కనపడి మధ్యాహ్నానికి గానీ దగ్గరకి రాదు.

మూడో రోజు రియో వంతెన కింద నుంచి వెళ్లాం. ఇక్కడ ఒక్క నిమిషం ఇంజనీర్ని భరించండి. 2004లో తెరిచిన వంతెన అది, తీగలతో వేలాడే రకం, పొడవు 2,880 మీటర్లు. అక్కడ భూకంపాలు ఎక్కువ, సముద్రం అడుగున గట్టి రాయి లేదు. అందుకని స్తంభాలను నేలకి బిగించలేదు. అడుగున మట్టిలోకి ఉక్కు గొట్టాలు దింపి, పైన కంకర పరిచి, దాని మీద స్తంభాలను ఊరికే కూర్చోబెట్టారు. భూమి కదిలితే స్తంభం ఆ కంకర మీద కాస్త జరుగుతుంది, విరగదు. దగ్గరకి రాకముందే రేడియోలో వాళ్లతో మాట్లాడాలి, ఏ కానా కింద నుంచి పోవాలో వాళ్లు చెప్తారు. కింద నుంచి తలెత్తితే మన తెరచాప కొయ్య వంతెనకి తగిలేటట్టే కనిపిస్తుంది. నిజానికి మధ్యలో ముప్పై మీటర్లకు పైగా ఖాళీ ఉంది. లెక్క తెలిసినా నేను తల వంచాను.

వంతెన దాటాక మధ్యాహ్నం పడమటి గాలి. వెనక నుంచి గాలి, పూర్తిగా విప్పిన తెరచాప. అప్పుడు నాకు మా నాన్న గుర్తొచ్చాడు.

మీలో చాలామందికి నేను ఇప్పటిదాకా చెప్పని విషయం. మా నాన్న పడవ మనిషి. సొంత పడవ కూడా కాదు, షావుకారు పడవ మీద పని. బెజవాడ నుంచి బందరు దాకా, మధ్యలో పిల్లకాలువల్లోకి, వడ్ల బస్తాలు, గడ్డి, ఇటుకలు, పెంకులు, ఏది దొరికితే అది. కృష్ణ మీద ఆనకట్ట 1855లో పూర్తయ్యాక తవ్విన కాలువలు పొలాలకి నీళ్లివ్వడానికే కాదు, పడవలు తిరగడానికి కూడా. లాకులు అందుకే ఉన్నాయి. ఇప్పటి పిల్లలకి లాకులంటే బస్ స్టాపు పేరు. లాకు గదిలోకి పడవ వెళ్లాక వెనక తలుపు మూస్తారు, నీళ్లు దింపుతారు, పడవ దిగుతుంది. అప్పుడు గట్టుకి కట్టిన మోకు కొంచెం కొంచెం వదులుతుండాలి. మర్చిపోతే పడవ తాడుకి వేలాడుతుంది. చిన్నప్పుడు సెలవుల్లో ఆ మోకు వదలడం నా పని.

గాలి వెనక నుంచి వస్తే నాన్న తెరచాప ఎత్తేవాడు. గాలి లేకపోతే గెడ వేసేవాడు. ఎదురుగాలైతే దిగి, కొయ్యకి కట్టిన తాడు భుజాన వేసుకుని, గట్టు మీద నడుస్తూ లాగేవాడు. ముందు నాన్న, వెనక ఇంకొకాయన. ఇద్దరూ నేలకి ఏటవాలుగా వంగి నడుస్తుంటే దూరానికి ఎద్దుల్లా కనిపించేవాళ్లు. ఈ మాట నేనన్నది కాదు. మన బళ్లోనే ఎవరో అన్నారు. అన్నవాడికి ఆయన మా నాన్నని తెలియదు.

నేను ఈ బళ్లో చేరేనాటికే లారీలొచ్చి పడవల పని సన్నగిల్లింది. 1977 నవంబరు ఉప్పెన తర్వాత చాలామంది ఆ పనే మానేశారు. నాన్నకి వేరే పని రాదు, అందుకని సాగదీశాడు. చేరేటప్పుడు ఫారంలో తండ్రి వృత్తి అన్న చోట నేనే "వ్యవసాయం" అని రాయించాను. మాకు సెంటు భూమి లేదు.

ఎనిమిదో తరగతిలో ఒక మధ్యాహ్నం. భోజనాల గంట. మేం నలుగురం వంతెన మీద కూర్చుని ఉన్నాం. అవతల గట్టు మీద నాన్న తాడు లాక్కుంటూ వస్తున్నాడు. నన్ను చూసి చెయ్యెత్తి పేరు పెట్టి పిలిచాడు. పక్కనున్నవాడు అడిగాడు, "ఎవర్రా?" అని. "మా ఊరాయన" అన్నాను. కాలువ పెద్ద వెడల్పేం కాదు. నాన్నకి వినపడింది. చెయ్యి దించి, వంగి, లాగుతూ వంతెన కింద నుంచి వెళ్లిపోయాడు. సాయంత్రం ఇంటికొచ్చాక కూడా ఏమీ అనలేదు. ఆ రోజు నా పక్కనున్న ముగ్గురిలో ఇద్దరు ఈ హాల్లోనే ఉన్నారు. వాళ్లకి గుర్తుండకపోవచ్చు.

ఆ ఏడాదే మా సోషల్ మాస్టారు మమ్మల్ని సైకిళ్ల మీద ఘంటసాల తీసుకెళ్లారు. ఆయన పాఠం చెప్పే పద్ధతి మీకందరికీ తెలుసు, ముందు కథ, తర్వాత తేదీ. అలెగ్జాండ్రియాలో, అంటే మధ్యధరా ఒడ్డున, రెండో శతాబ్దంలో టాలెమీ అనే ఆయన కూర్చుని ప్రపంచానికి పటం రాసుకున్నాడనీ, అందులో మన తీరాన్ని మైసోలియా అన్నాడనీ, ఆ తీరాన కంటకోస్సిల అనే వర్తక రేవు ఉందని రాశాడనీ, అది మనం ఇప్పుడు నిలబడిన ఈ ఘంటసాలే అనీ చెప్పారు. అంతకు ముందు శతాబ్దంలో ఒక గ్రీకు వర్తకుడు రాసిన ఓడదారుల పుస్తకంలో కూడా ఈ తీరం, ఇక్కడ నేసిన సన్నబట్టలు ఉన్నాయి. అన్నిటికంటే నాకు బాగా పట్టింది ఇంకోటి. ఘంటసాలలో దొరికిన ప్రాకృత శాసనాల్లో ఒకదానిలో శివకుడనే మహానావికుడి పేరుంది. మహానావికుడు! ఆ మాట ఇంటికొచ్చేదాకా సైకిల్ మీద పాడుకుంటూ వచ్చాను. ఇంటికొచ్చేసరికి నాన్న అరుగు మీద కూర్చుని భుజానికి ఆముదం రాసుకుంటున్నాడు. నేను లోపలికెళ్లి హోంవర్కు రాసుకున్నాను.

సరే, మళ్లీ సముద్రంలోకి.

గలాక్సీది అనే చిన్న రేవులో ఆగి, ఐదో రోజు కొరింథు కాలువ దగ్గరకొచ్చాం. మనలో చర్చికి వెళ్లేవాళ్లకి ఆ ఊరి పేరు బైబిల్లోంచి తెలుసు. అక్కడ గ్రీసు రెండు ముక్కలుగా ఉండి, మధ్యలో సన్నటి మెడలాంటి నేల ఉంటుంది. దాన్ని తవ్వి రెండు సముద్రాలు కలపాలని నీరో చక్రవర్తి కూడా మొదలుపెట్టి వదిలేశాడు. చివరికి 1893లో పూర్తయింది. అంటే మన ఆనకట్ట, మన కాలువలు దానికంటే దాదాపు నలభై ఏళ్లు పెద్దవి. పొడవు ఆరు కిలోమీటర్ల చిల్లర. అడుగున వెడల్పు 21 మీటర్లు. రెండు పక్కలా రాతి గోడలు, ఎత్తైన చోట ఎనభై మీటర్లు. లాకులు లేవు, రెండు సముద్రాలదీ ఒకటే మట్టం. మధ్యధరాలో పోటూ పాటూ మనకి కనపడనంత తక్కువ. మొదటి రెండు రోజులూ నేను అలవాటుకొద్దీ తాళ్లు వదులుగా కడుతుంటే, ఇక్కడ నీళ్లు లేవవు, దిగవు, బిగించి కట్టు అని మా మిత్రుడు చెప్పాల్సొచ్చింది.

కాలువ రెండు కొసలా వంతెనలు పైకి లేవవు, నీళ్లలో మునుగుతాయి. మనం వెళ్లాక మళ్లీ పైకి తేలతాయి, కార్లు పోతాయి. అది చూసి నేను చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాను. అయితే నన్ను నిలబెట్టేసింది అది కాదు. పడమటి కొసన కాలువ పక్కనే రాతి పలకలు పరిచిన పాత బాట ఒకటుంది, చక్రాల గాడి పడిన గుర్తులతో. ఇప్పటికి రెండువేల ఆరొందల ఏళ్ల కిందటిది. కాలువ లేని రోజుల్లో, చుట్టూ తిరిగి రావడం ప్రమాదమని, పడవల్ని సముద్రంలోంచి తీసి బండ్ల మీదకెక్కించి, ఆ మెడ మీదుగా అవతలి సముద్రానికి లాక్కెళ్లేవాళ్లు. దాని పేరే డియోల్కోస్. లాగుడు బాట అనుకోండి. లాగినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు.

కాలువలో తెరచాప ఎత్తనివ్వరు, ఇంజన్ మీదే పోవాలి. దాటాక తూర్పు కొసన గట్టుకి కట్టి రుసుము చెల్లించాలి. దూరం లెక్కన చూస్తే చాలా ఖరీదైన కాలువ అది. మా మిత్రుడు డబ్బు కట్టడానికి ఆఫీసులోకి వెళ్లాడు. ఈలోపు వెనక ఇంకో పడవ వచ్చింది, ముందుకి జరగమని గట్టు మీద మనిషి సైగ చేశాడు. నాకు ఇంజన్ తియ్యడం రాదు. ముందు తాడు విప్పి గట్టు మీదకి దూకి, భుజాన వేసుకున్నాను.

ఏడు టన్నుల పడవ. మొదట ఏమీ కదలదు. గుంజితే భుజం పోతుంది, పడవ రాదు. బరువంతా తాడు మీద వాల్చి ఆగాలి. పది లెక్కపెట్టేసరికి తాడు కొంచెం వదులైనట్టు తెలుస్తుంది. అప్పుడు ఒక అడుగు. తర్వాత అది దానంతటదే వస్తుంది, మనం కలిసి నడవడమే. నీటి మీద బరువుకి ఎదురు తక్కువ, వేగం కోరకపోతే ఒక్క మనిషి చాలు. దీనికి సూత్రాలు నేను ఇంజనీరింగ్‌లో చదివాను. కానీ ఆ పది లెక్కపెట్టడం పుస్తకంలో లేదు. అది నాకు ఎప్పుడొచ్చిందో నాకే తెలియదు. నాన్నని చూస్తూ వచ్చుండాలి.

పాతిక అడుగులు లాగి, కట్టి, మిగిలిన తాడు చుట్టచుట్టి పెడుతుంటే మా మిత్రుడు వచ్చాడు. చూసి, "ఇది ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నాడు. "మా నాన్న పడవలు లాగేవాడు" అన్నాను. మా ఆవిడ నా వంక చూసింది. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఆ మాట నా నోట అలా రావడం ఆవిడ వినలేదు. మిత్రుడేమో "అయితే మొదటి రోజే చెప్పొచ్చుగా! ఈ పాటికి సగం పని నీకు వదిలేసేవాణ్ణి" అని, మర్నాడు పొద్దున్నే చుక్కాని నా చేతిలో పెట్టాడు.

అక్కడి నుంచి నా గొప్పలు చెప్పుకుంటాననుకోకండి. ఆ రాత్రే ఏజినా దీవి దగ్గర లంగరు నేను వేశాను. లంగరు గొలుసు లోతుకి ఐదు రెట్లు వదలాలని సూత్రం. లోతు చూపించే మీటరు నాలుగు అంది. నేను ఇరవై మీటర్లు వదిలాను. లెక్క సరిపోయింది కదా! కానీ ఆ మీటరు పడవ అడుగు నుంచి కిందకి కొలుస్తోంది. నీళ్లలో మునిగిన పడవే రెండు మీటర్లుంది. అసలు లోతు ఆరు, వదలాల్సింది ముప్పై. రాత్రి రెండింటికి గాలి లేచింది, లంగరు జారింది, పక్కవాళ్ల పడవకి చెయ్యి చాస్తే అందేంత దగ్గరకి పోయాం. కొలత ఎక్కడ నుంచి అని అడగని ఇంజనీరు ఎందుకు పనికొస్తాడు? మా దగ్గర చేరే కుర్రాళ్లకి ఇప్పటికీ ఈ కథే మొదటి పాఠంగా చెప్తాను.

పోరోస్, హైడ్రా దీవుల గురించి మా ఆవిడ నడిగితే బాగా చెప్తుంది. హైడ్రాలో కార్లు, మోటారు సైకిళ్లు లేవు, సామాన్లన్నీ గాడిదల మీదే. నేను చెప్పదలుచుకున్నది చివరి రోజు సంగతి. సూనియన్ కొస దగ్గర, కొండ మీద సముద్ర దేవుడి గుడి తెల్లటి స్తంభాలు కనపడుతుండగా, ఉత్తరం నుంచి గాలి. మేం పోవాల్సిందీ ఉత్తరానికే.

నాన్న పడవైతే ఇక్కడ దిగాల్సిందే. ఈ పడవ దిగనక్కర్లేదు. గాలికి నేరుగా ఎదురు పోలేదు గానీ, నలభై ఐదు డిగ్రీలు పక్కకి తిరిగి పోతుంది. కొంతదూరం అలా పోయి, మళ్లీ రెండోవైపు తిరిగి కొంతదూరం. బరువు బండి గట్టు ఎక్కేటప్పుడు ఏటవాలుగా తోలతారే, అలాగ. వంపు తిరిగిన తెరచాప విమానం రెక్కలా పనిచేసి పడవని ముందుకీ పక్కకీ లాగుతుంది. పడవ అడుగున నిలువుగా బరువైన పలక ఉంటుంది. అది పక్కకి పోనివ్వదు. మిగిలింది ముందుకే. మన కాలువ పడవలకి అడుగు చదును. మూడడుగుల నీళ్లలో తిరగాలంటే అలాగే ఉండాలి మరి. పలక ఉంటే కాలువలో దిగబడిపోతుంది. కాబట్టి ఎదురుగాలికి ఆ పడవలో చోటు లేదు, మనిషి భుజమే దానికి మందు. నాన్నకి తెలియక కాదు, ఆ నీళ్లకి అదే పడవ. ఆరు గంటలు అటూ ఇటూ తిరిగి పది మైళ్లు ఎక్కాం. చుక్కాని పట్టుకుని అంతసేపూ నేను మనసులో నాన్నకి ఈ పలక సంగతి వివరిస్తూనే ఉన్నాను. ఆయన 2004లో పోయాడు.

ఆ డిసెంబరులో ఊరొచ్చినప్పుడు అమ్మ దగ్గర కూర్చుని వంతెన మీద జరిగింది చెప్పాను. అమ్మకి తెలియదనుకున్నాను. వత్తులు చేసుకుంటూ తలెత్తకుండానే అంది: "తెలుసులేరా అబ్బాయా. ఆ రోజు నుంచి మీ నాన్న భోజనాల గంట కొట్టేలోపే వంతెన దాటిపోవాలని చూసేవాడు. ఆలస్యమైతే అవతల తుమ్మచెట్టు కింద పడవ కట్టి, మీరు లోపలికి పోయిందాకా కూర్చునేవాడు. పిల్లాడికి ఇబ్బందెందుకు అనేవాడు."

అంటే ఎనిమిది, తొమ్మిది, పది. మూడేళ్లు.

నాన్న గెడ మా ఇంట్లో ఇంకా ఉంది. పశువుల కొట్టంలో బట్టలారేసుకునే దండెంగా వాడుతున్నారు. వెదురు పగిలింది గానీ కింద ఇనప పొన్ను అలాగే ఉంది.

కార్యదర్శి గంట కొట్టేలా ఉన్నాడు, ఒక్క మనవి చేసి ముగిస్తాను. ఈ సంచికలో వేయడానికి మనందరి వివరాలు ఒక ఫారంలో అడిగారు. అందులో తండ్రి పేరుకి గడి ఉంది, వృత్తికి లేదు. నేను పేరు పక్కనే, "పడవ లాగేవారు, బందరు కాలువ" అని రాసి ఇచ్చాను. స్థలం చాలలేదని సంపాదకులు దాన్ని తీసేయకుండా చూడాలి. అవసరమైతే నా డిగ్రీలు తీసేయండి.